మాడిన రొట్టెల లెక్క

ఆ రోజు నేను ఎంతసేపు లేనో
ఎవరూ గడియారం చూడలేదు.
రొట్టెలు చెప్పాయి.

నేలలోకి దించిన మట్టి గాబు మా పొయ్యి.
నడుం దాకా లోపలికి వంగి
పడవల్లాంటి రొట్టెల్ని వేడి గోడకి చరిచి అంటించాలి.
కుతాయిసీలో, రియోనీ వంతెన దిగగానే
పచ్చరంగు రేకు తలుపు మాది.
పదకొండు అంటించాను. పన్నెండోది చేతిలో ఉంది.
తడిసిన ఇనుము వాసన వచ్చింది.
ఇదంతా ఒకసారి అయిపోయిందే,
ఈ పన్నెండోదాన్ని ముందే అంటించానే
అని గట్టి ధీమా.
తర్వాత

బొగ్గయిన పదకొండు.
పిండి బస్తాల పక్కన వెల్లకిలా నేను.
ఆడపడుచు నానులీ నడుం పట్టి వెనక్కి లాగిందట.
కాలిన వెంట్రుకల వాసన
నా కనుబొమలదేనని చాలాసేపటికి తెలిసింది.

రొట్టెకి రంగు రావడానికి పది నిమిషాలు.
నల్లబడడానికి ఇంకో పది.
అలా లెక్కగట్టాం నన్ను.

స్పృహ తప్పింది అంటారు.
సంతలో చెయ్యి వదిలిన పిల్లలా అది తప్పిపోయి,
వెతకాల్సిన మనిషి కూడా దాని వెంటే పోతే
ఎవరి పేరు పెట్టి పిలవాలి?
మూర్ఛ వచ్చింది అంటారు, చుట్టం వచ్చినట్టు.
తలుపు తీసిందెవరో చెప్పరు.
పడ్డావు అంటారు.
సరే, పడ్డాను అంటాను నేనూ,
చూడని ఊరి గురించి సాక్ష్యం చెప్పినట్టు.
నాలుక కరుచుకున్నాను. ఇదొక్కటి నాకు సొంతంగా తెలుసు,
మూడు రోజులు ఉప్పు తగిలితే మండింది.
పక్కింటి జైరా పళ్ళ మధ్య చెక్కగరిటె దూర్చబోయి
ఒక పన్ను అంచు విరగ్గొట్టింది.
మంచికే చేసింది, పాపం.
రొట్టె కొరికినప్పుడల్లా
ఆమె మంచితనం నాలుకకి గరుగ్గా తగులుతుంది.

పొయ్యి దగ్గరికి పోవద్దంది డాక్టరు.
ఏట్లో ఒంటరిగా దిగొద్దు,
స్నానాల గదికి గడియ వేయొద్దు.
మాత్రలు ఉదయం రెండు, రాత్రి రెండు.
అవి వేసుకున్నాక మాటలు బద్ధకంగా నిద్ర లేస్తాయి.
నిన్న జల్లెడని ఏమంటారో గుర్తురాక
పిండి దులిపేది, పిండి దులిపేది అని చెయ్యి ఊపాను.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఈసారి వస్తే వీడియో తీసి తెమ్మంది.
నానులీ కొడుకు గెలా తీశాడు,
ఫోను వంకరగా పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ.
నలభై ఎనిమిది సెకన్లు.
మొదటిసారి నేల వైపు చూస్తూ విన్నాను.
రెండోసారి చూశాను.
నా గళ్ళ ఏప్రన్ కట్టుకుని ఒకావిడ కుర్చీలో ఉంది.
కళ్ళు తెరిచే ఉన్నాయి,
గెలాని దాటి గోడ మీది క్యాలెండర్‌ని చూస్తున్నాయి.
నోరు లేనిదేదో నములుతోంది.
చేతులు మాత్రం
ఒళ్ళో లేని పిండిని చరుస్తున్నాయి,
అంచు మడుస్తున్నాయి, కొస లాగుతున్నాయి.
ఇరవై ఏళ్ళుగా చేస్తున్నా
నేనెప్పుడూ అంత సన్నగా లాగలేదు కొసని.
భయమేయాల్సిన చోట
అసూయ పుట్టింది.

ఇప్పుడు పొయ్యిలోకి వంగేది నానులీ.
నేను కిటికీ దగ్గర నిలబడి అమ్ముతాను.
ముసలాయన ఒతియా రోజూ ఏడింటికి వస్తాడు,
రెండు రొట్టెలు, సరిపడా చిల్లర.
ఇవాళ రొట్టెలందించి డబ్బుకి చెయ్యి చాచాను.
ఇనుము వాసన.
మళ్ళీ చూసేసరికి
ఆయన అక్కడే ఉన్నాడు,
నాణేలు నా అరచేతికి కొంచెం పైన
పట్టుకుని అలాగే,
వెనకున్న వాళ్ళకి టోపీ ఊపి ఆగమంటూ.

ఎంతసేపు, అని అడిగాను.

చంకలోని రొట్టెల్ని తడిమి చూసుకుని,
ఇంకా చల్లారలేదమ్మా, అన్నాడు.
నాణేలు ఒక్కొక్కటే వదిలాడు.